నవ్వుల గ్యాస్ గురించి ఒక మత్తు డాక్టరును తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరులో మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. నవ్వుల గ్యాస్ అనే నైట్రస్ ఆక్సైడ్ నాకు రోజూ చేతికింద ఉండే గ్యాస్. కొన్నాళ్లుగా దాని గురించి నన్ను ఎక్కువగా అడుగుతున్నది తల్లిదండ్రులు. వీళ్లు ఉండేది అరండల్‌పేటలోనో, విజయవాడ పటమటలోనో. పిల్లలు చదివేది లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో. వీడియో కాల్‌లో గది మూలన బెలూన్లు, వేలెడంత ఉక్కు గొట్టాలు కనిపిస్తాయి. "బర్త్‌డే పార్టీ అమ్మా" అంటారు పిల్లలు. ఇంకొన్ని నెలలకు "కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి నాన్నా" అని ఫోన్ వస్తుంది. ఈ రెండు మాటలకూ సంబంధం ఉంటుందని ఇంట్లో ఎవరికీ తట్టదు. తట్టాలనే ఇది రాస్తున్నాను.

అసలు ఇది ఏం గ్యాస్? ఆపరేషన్‌లో ఇచ్చేదేనా?

అదే. రంగు లేదు, కాస్త తియ్యటి వాసన ఉంటుంది. 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ కనిపెట్టాడు. హంఫ్రీ డేవీ తనే పీల్చి చూసుకుని, దాని మత్తు గురించి 1800లో పుస్తకం రాశాడు. లాఫింగ్ గ్యాస్ అనే పేరు ఆయన రోజుల నుంచే ఉంది. 1844లో హొరేస్ వెల్స్ అనే అమెరికా పళ్ల డాక్టరు ఈ గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. మా మత్తు వైద్యానికి పునాది పడిన రోజుల్లో అదొకటి.

మా థియేటర్లలో ఇది నీలం రంగు సిలిండర్లలో వస్తుంది. కేకుల మీద క్రీము నురగలా పొంగించడానికి బేకరీలు వాడే చిన్న ఉక్కు గొట్టాల్లోనూ ఇదే ఉంటుంది, ఒక్కోదానిలో దాదాపు 8 గ్రాములు. క్రీముకోసం తయారైన ఆ గొట్టాల్లోది బెలూన్లోకి, బెలూన్‌లోంచి ఊపిరితిత్తుల్లోకి చేరుతోంది. విదేశాల్లో ఇప్పుడు వీటికి ఎన్నో రెట్లు పెద్ద సిలిండర్లు కూడా అమ్ముతున్నారు. దానివల్ల ఒక్క రాత్రిలో పీల్చే మోతాదు బాగా పెరిగింది.

ఆస్పత్రిలో మంచిదైనది బెలూన్‌లో చెడ్డదెలా అవుతుంది?

ఆక్సిజన్ లేకపోవడం వల్ల. మా మత్తు మెషీన్‌లో ఒక తాళం లాంటి ఏర్పాటు ఉంటుంది. నేను పొరపాటున నైట్రస్ ఎంత తిప్పినా, దానితోపాటు కనీసం సుమారు 25 శాతం ఆక్సిజన్ వెళ్లేలా అది చూసుకుంటుంది. కాన్పు నొప్పులకు ఇచ్చే మిశ్రమంలో సగం నైట్రస్, సగం ఆక్సిజన్. నైట్రస్ ఆపేశాక కూడా కొన్ని నిమిషాలు పూర్తి ఆక్సిజన్ ఇస్తాం. రక్తంలో కరిగిన నైట్రస్ ఒక్కసారిగా ఊపిరితిత్తుల్లోకి వచ్చిపడి, అక్కడున్న ఆక్సిజన్‌ను పలచన చేస్తుంది కాబట్టి. ఇదంతా జరుగుతున్నంతసేపూ రోగి వేలికి ఆక్సిజన్ ఎంతుందో చూపే క్లిప్పు, ఎదురుగా నా కళ్లు.

బెలూన్‌లో ఆక్సిజన్ లేదు. క్లిప్పూ లేదు, చూసేవాళ్లూ లేరు.

రెండో తేడా, ఎన్నిసార్లు అన్నది. ఆపరేషన్ జీవితంలో ఏ ఒకటో రెండో సార్లు. పార్టీ అయితే ప్రతి శనివారం. అందువల్ల ఇది చదివి పళ్ల డాక్టరు దగ్గర గ్యాస్ వద్దని భయపడకండి. మీకు బి12 లోపం ఉందని తెలిస్తే మాత్రం, ఏ ఆపరేషన్‌కైనా ముందే మత్తు డాక్టరుకు చెప్పండి. మేం వేరే మందులతో పని జరుపుకుంటాం.

పీల్చగానే ఏమవుతుంది?

కొన్ని సెకన్లలో తల తేలిపోయినట్టు, మాటలు దూరం నుంచి వినిపించినట్టు ఉంటుంది. ఒళ్లు తిమ్మిరెక్కుతుంది, నవ్వు వస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో అంతా దిగిపోతుంది. అంత తొందరగా దిగడమే దీనిలో పెద్ద ఉచ్చు. దిగగానే ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. రాత్రి తెల్లారేసరికి ఎన్నయ్యాయో పీల్చినవాళ్లకే లెక్క ఉండదు.

ఒక్కసారికే ప్రాణం పోతుందా?

అరుదు, కానీ పోయినవాళ్లున్నారు. ముక్కు మూసి నీళ్లలో మునిగితే మనం గిలగిల కొట్టుకుంటాం. ఆ గిలగిల అంతా ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకోవడం వల్ల. నైట్రస్ పీల్చేటప్పుడు అది మామూలుగానే బయటికి పోతూ ఉంటుంది, లోపలికి ఆక్సిజన్ మాత్రం రాదు. ఊపిరాడని బాధ తెలియకుండానే స్పృహ తప్పుతుంది. తలకు కవరు తగిలించుకున్నా, మాస్కు కట్టుకున్నా, అద్దాలు మూసిన కారులో గ్యాస్ వదిలినా, స్పృహ తప్పిన మనిషి అదే గ్యాస్ పీలుస్తూ ఉండిపోతాడు. లేపేవాళ్లు లేకపోతే అంతే.

స్పృహ అరనిమిషం తప్పినా చాలు, పిట్టగోడ మీద కూర్చున్నవాడు కింద పడటానికి. విజయవాడ వాళ్లకు కాలవగట్ల గురించి నేను చెప్పక్కర్లేదు. బండి నడిపేవాడి సంగతీ అంతే.

గొట్టంలోంచి నేరుగా నోటితో పీలిస్తే ఇంకో ప్రమాదం. ఈ గ్యాస్ ద్రవంగా ఉన్నప్పుడు మరిగేది సున్నాకు 88 డిగ్రీల కింద. అంత చల్లదనానికి పెదవులు, నాలుక, గొంతు కాలినట్టే బొబ్బలెక్కుతాయి. పెద్ద సిలిండరు తొడల మధ్య పెట్టుకుని నింపుకునేవాళ్లకు తొడల లోపలివైపు ఇలాంటి గాయాలవుతాయి. పైకి తెల్లగా, నొప్పి లేకుండా ఉంటే తేలిగ్గా తీసుకోకండి. లోతు గాయాల్లో చర్మానికి స్పర్శే పోతుంది. రుద్దకూడదు, వేడినీళ్లు పోయకూడదు. గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఆస్పత్రికి వెళ్లాలి. ఒత్తిడికి ఊపిరితిత్తి చిట్లి, ఛాతీలో గాలి చేరిన కేసులు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి.

నరాలకూ దీనికీ ఏం సంబంధం?

నన్నడిగితే ఈ పేజీ మొత్తంలో జాగ్రత్తగా చదవాల్సిన జవాబు ఇదే.

విటమిన్ బి12 అణువు నడిమధ్యలో ఒక కోబాల్ట్ పరమాణువు ఉంటుంది. దాని పనంతా ఆ కోబాల్ట్ మీదే ఆధారపడింది. నైట్రస్ ఆక్సైడ్ వెళ్లి ఆ కోబాల్ట్‌ను ఆక్సీకరణం చేస్తుంది. ఇనుము తుప్పు పట్టినట్టు అనుకోండి. దాంతో బి12ను పట్టుకుని పనిచేసే మెథియోనిన్ సింథేజ్ అనే ఎంజైమ్ కూడా పాడవుతుంది. అది తిరిగి బాగుపడదు. ఒళ్లు కొత్తది తయారుచేసుకోవాలి, దానికి రోజులు పడుతుంది. ఈలోపు ఇంకో పార్టీ వస్తే, తయారైన కాస్తా మళ్లీ పోతుంది.

ఆ ఎంజైమ్ లేకపోతే మన నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర నిలవదు. కరెంటు తీగ చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరం చుట్టూ మైలిన్ ఉంటుంది. తొడుగు ఊడిన తీగలో కరెంటు ఎక్కడికక్కడ ఎగిరిపోతుంది, కాళ్లనుంచి మెదడుకు వెళ్లే కబురు దారిలోనే ఆగిపోతుంది. ముందుగా దెబ్బతినేది వెన్నుపాము వెనక భాగం. మన కాలు ఎక్కడుందో చూడకుండానే మనకు తెలిపే దారి అది. తర్వాత పక్క భాగాలు, కాళ్లకు బలమిచ్చేవి.

ఇదేమీ కొత్తగా బయటపడిన సంగతి కాదు. 1950ల్లో కోపెన్‌హాగన్‌లో ధనుర్వాతం రోగులకు రోజుల తరబడి నైట్రస్ ఇస్తే వాళ్ల ఎముక మూలుగలో రక్తకణాల తయారీ పడిపోయింది. 1956లో ఆ సంగతి అచ్చయింది. 1978లో అమెరికాలో 15 మందికి నైట్రస్ వల్ల వెన్నుపాము, నరాలు దెబ్బతిన్నాయని ఒక నరాల వైద్యుడు రాశాడు. ఆ 15 మందిలో 14 మంది పళ్ల డాక్టర్లే! గ్యాస్ గురించి చదువుకున్నవాళ్లనే అది వదల్లేదు. పంతొమ్మిదేళ్ల పిల్లవాడు తనకు తెలియలేదంటే నాకు ఆశ్చర్యం వేయదు.

మొదట కనిపించే గుర్తులేమిటి?

అరికాళ్లలో తిమ్మిర్లు, చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు. ఒక కాలికి మాత్రమే కాదు, రెండు కాళ్లకూ ఒకేసారి. తర్వాత వేళ్ల కొసలకు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కష్టమవుతుంది.

మా నరాల డాక్టర్లు మన దేశంలో అడిగే ప్రశ్న ఒకటుంది, పాశ్చాత్య పుస్తకాల్లో అంతగా కనపడదు: "నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినట్టు మీకు తెలుస్తోందా?" జారినట్టు తెలిసీ ఆపుకోలేకపోతే కాలి బలం తగ్గిందని అర్థం. నాలుగడుగులు వేశాక చూసుకుంటే చెప్పు వెనకెక్కడో ఉందంటే, కాలికి స్పర్శ తగ్గిందని. బూట్లు వేసుకు తిరిగే చలిదేశంలో పిల్లలకు ఈ గుర్తు కనపడదు. సెలవులకు ఇంటికొచ్చి హవాయి చెప్పులు వేసుకున్నాక బయటపడుతుంది. గమనించండి.

ఇంకోటి, సింకు దగ్గర. ముఖానికి సబ్బు పెట్టుకుని కళ్లు మూసుకోగానే తూలి పడబోతారు. కళ్లు తెరిచి ఉన్నంతసేపూ చూపు సాయంతో నిలబడతారు, మూస్తే నేల ఎక్కడుందో కాలికి తెలియదు. కరెంటు పోయినప్పుడు నడవలేకపోవడం కూడా అదే. మెడ వంచితే వెన్నులో జివ్వుమని షాకు కొట్టినట్టు ఉండటం మరో గుర్తు.

ముదిరితే నడక తూలుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి, మూత్రం పట్టు తప్పుతుంది, మగపిల్లలకు అంగస్తంభన సమస్యలు వస్తాయి. చివరి రెండూ పిల్లలు అమ్మానాన్నలకు చెప్పరు. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి.

మేం శాకాహారులం. మాకు ప్రమాదం ఎక్కువా?

ఎక్కువే. బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగులలో ఉంటుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. ఎంత మంచి గోంగూర తిన్నా రాదు. మన ఇళ్లల్లో గుడ్డు కూడా ముట్టని కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇంటి పిల్లవాడు విదేశంలో సొంతంగా వండుకుంటూ పాలూ పెరుగూ కూడా తగ్గిస్తే, నిల్వ అప్పటికే అడుగంటి ఉంటుంది. అలాంటివాళ్లకు తక్కువ మోతాదు గ్యాస్ కూడా చేటు చేస్తుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, ఏళ్ల తరబడి ఎసిడిటీ మాత్రలు మింగేవాళ్లు, పేగు ఆపరేషన్లు అయినవాళ్లు కూడా ఈ జాబితాలోకే వస్తారు. మాంసాహారులకు ఏమీ కాదని మాత్రం దీని అర్థం కాదు. పదేపదే పీలిస్తే ఎవరి నిల్వయినా పనికిరాకుండా పోతుంది.

బి12 మాత్ర వేసుకుని పీలిస్తే ఏమీ కాదంటున్నారే?

కుర్రాళ్లలో ఈ మాట బాగా తిరుగుతోంది. తప్పు మాట. వేసుకున్న బి12ను కూడా గ్యాస్ పాడుచేస్తుంది. చిల్లు బిందెలో నీళ్లు పోసినట్టే.

రక్తపరీక్షలో బి12 నార్మల్ వచ్చింది. అంటే గ్యాస్ కారణం కాదన్నట్టేగా?

అలా అనుకోవద్దు. పరీక్ష రక్తంలో బి12 ఎంత ఉందో చెబుతుంది, అది పనిచేస్తోందో లేదో చెప్పదు. పాడైపోయిన బి12 కూడా లెక్కలోకి వస్తుంది. పైగా పరీక్షకు ముందే ఎవరో సలహా ఇస్తే నాలుగు మాత్రలు మింగి ఉంటారు. హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్షలు అసలు సంగతి చెబుతాయి. బి12 పని ఆగితే అవి రక్తంలో పెరుగుతాయి. మెడ ఎంఆర్ఐలో వెన్నుపాము వెనక భాగం తలకిందులు చేసిన ఇంగ్లీషు వి అక్షరంలా తెల్లగా కనపడటం కూడా ఒక గుర్తు. ఎంఆర్ఐ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు.

2025 మొదట్లో జీబీఎస్ (గులియన్ బారీ సిండ్రోమ్) అనే నరాల జబ్బు పేరు మన పత్రికల్లో ఎక్కువగా కనపడింది. దానిలోనూ కాళ్ల నుంచే తిమ్మిర్లు, బలహీనత మొదలవుతాయి. గ్యాస్ సంగతి దాస్తే డాక్టరు దీన్ని అదే అనుకోవచ్చు. అప్పుడు ఖరీదైన ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లు ఎక్కుతాయి, అసలు కావాల్సిన బి12 ఆలస్యమవుతుంది.

మా వీధిలో ఆర్ఎంపీ గారు బలానికి ఇంజెక్షన్ చేశారు, కాస్త తగ్గింది. చాలా?

చాలదు. "నరాల బలహీనత" అని ఏదో బీ కాంప్లెక్స్ పొడిచి పంపిస్తే రెండు వారాలు పోతాయి. ఈ జబ్బులో పోయిన వారాలే తర్వాత మిగిలిపోయే లోపాలు. అన్నిటికన్నా ఉత్త ఫోలిక్ యాసిడ్ మాత్రలు ప్రమాదం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన ఆ మందు ఎన్నో ప్రాణాలు నిలిపింది, అందుకు తెలుగువాళ్లుగా మనం గర్వపడాలి. కానీ బి12 లోపంలో ఒక్క ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాలు లోపల లోపల దిగజారుతూనే ఉంటాయి. ముందు బి12 మొదలుపెట్టాలి, ఫోలిక్ యాసిడ్ ఆ తర్వాతే.

మరి చికిత్స ఏమిటి? పూర్తిగా తగ్గుతుందా?

మొదటి మందు గ్యాస్ మానేయడం. అది ఆగకపోతే మిగతా ఏ మందూ పనిచేయదు. రెండోది బి12 ఇంజెక్షన్లు, సాధారణంగా 1000 మైక్రోగ్రాములు కండకు, మొదట్లో రోజూ లేదా రోజు విడిచి రోజు. ఎన్నాళ్లన్నది నరాల డాక్టరు పరీక్ష చేసి చెబుతారు. మూడోది ఫిజియోథెరపీ. దీన్ని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. కాలికి నేల ఎక్కడుందో మళ్లీ నేర్పేది అదే.

తిమ్మిర్ల దశలోనే వచ్చినవాళ్లలో చాలామంది వారాల్లో, నెలల్లో బాగా కోలుకుంటారు. నడక పడిపోయాక వచ్చినవాళ్లు కూడా లేచి నడుస్తారు, కానీ కొందరికి అరికాళ్ల మొద్దుబారడం, తూలడం మిగిలిపోతాయి. ముందే ఎవరి గురించీ పూచీ ఇవ్వలేం. మొదటి వారాల్లో మార్పు కనపడలేదని నిరాశపడి ఇంజెక్షన్లు ఆపేయకండి.

నరాలు కాక ఇంకేమైనా?

హోమోసిస్టీన్ పెరిగితే రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. పిక్కలో గడ్డ కట్టి ఊపిరితిత్తులకు చేరిన కేసులు, చిన్నవయసులో పక్షవాతం వచ్చిన కేసులు ఉన్నాయి. ఒక పిక్క వాచి నొప్పి పుడితే, హఠాత్తుగా ఆయాసం వస్తే, ఆ గంటే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తహీనత వస్తుంది. మనసు మీద కూడా ప్రభావం ఉంది. మతిమరుపు, దిగులు, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారనే అనుమానం, లేని మాటలు వినపడటం. గాలి సోకిందని తాయెత్తులకు తిప్పకండి. ఇందులో చాలాభాగం చికిత్సకు లొంగుతుంది.

గర్భిణులు?

పార్టీల్లో పీల్చకూడదు, ఒక్కసారి కూడా. కాన్పు నొప్పులప్పుడు ఆస్పత్రిలో ఆక్సిజన్‌తో కలిపి ఇచ్చేది వేరే సంగతి.

ఇది అలవాటుగా మారుతుందా?

మారుతుంది. మందు మానేసిన తాగుబోతుకు వచ్చే వణుకు లాంటివి దీనిలో అంతగా కనపడవు. అందుకే పీల్చేవాళ్లు "నాకేం అలవాటు కాలేదు" అంటారు. కాళ్లు తూలుతున్నా బెలూన్ వదల్లేకపోతున్నారంటే దాన్ని అలవాటు అనక ఏమంటాం?

మూత్ర పరీక్షలో దొరుకుతుందా?

మామూలు డ్రగ్ టెస్టుల్లో దొరకదు. అందుకే రోగి నోరు విప్పడం ఒక్కటే దారి.

విదేశాల్లో ఇది చట్టబద్ధమేనని మా అబ్బాయి అంటున్నాడు.

నెదర్లాండ్స్ 2023 జనవరి 1 నుంచి నిషేధించింది. బ్రిటన్‌లో 2023 నవంబరు 8 నుంచి ఇది క్లాస్ సి మత్తుపదార్థం. మత్తుకోసం దగ్గర పెట్టుకుంటే రెండేళ్ల దాకా, అమ్మితే 14 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. వీసా మీద ఉన్న పిల్లలకు కేసంటే ఏమిటో మీకు తెలుసు.

డాక్టరుకు నిజం చెబితే పోలీసులదాకా వెళ్తుందా?

ఓపీలో రోగి చెప్పింది దాచడం మా వృత్తి ధర్మం. స్పృహ లేకుండానో ప్రమాదం జరిగో తీసుకొస్తే పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు రాయడం ఆస్పత్రి పద్ధతి, అది వేరు. కాళ్ల తిమ్మిర్లకు చూపించుకోవడానికి వచ్చి "నేను ఫలానా గ్యాస్ పీల్చాను, వారానికి ఇన్నిసార్లు, చివరిసారి ఫలానా రోజు" అని చెప్పండి. ఆ మూడు ముక్కలు లేక వేలరూపాయల పరీక్షలు జరుగుతున్నాయి.

ఇక్కడ ఎక్కడికి వెళ్లాలి?

నరాల డాక్టరు దగ్గరికి. గుంటూరు పెద్దాసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. విజయవాడ వాళ్లకు కొత్త ప్రభుత్వాసుపత్రి, రెండు ఊళ్లకూ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. ఎవరైనా పీల్చి పడిపోతే ముందు గ్యాస్ తీసేసి, తలుపులు తెరిచి, 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆడకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. మానసికంగా సాయం కావాలంటే టెలీ మానస్ 14416, మత్తు అలవాటు మాన్పించడానికి 14446. రెండూ ఉచితమే.

మావాడితో ఈ మాట ఎలా ఎత్తను?

రాత్రిపూట వద్దు, నలుగురి ముందు అసలే వద్దు. "మన పరువు తీశావు" అని మొదలుపెడితే ఫోన్ పెట్టేస్తాడు, తర్వాత కాళ్లు పడిపోయేదాకా చెప్పడు. కాళ్ల గురించి అడగండి. "చెప్పు జారుతోందా నాన్నా? కళ్లు మూసుకుని నిలబడు, చూద్దాం" అనండి. వీడియో కాల్‌లోనే, గోడ పక్కన, ఎవరైనా స్నేహితుణ్ని తోడు పెట్టి నిలబెట్టండి. తూలితే మరునాడే అక్కడి డాక్టరు దగ్గరికి వెళ్లమనండి. ఇన్సూరెన్సు లేదంటే టికెట్ తీసి ఇంటికి రమ్మనండి. వచ్చాక ఎన్ని పీల్చావని ఒకసారి అడగండి చాలు. జవాబు మీకు చెప్పలేకపోతే నాకు చెప్పమనండి.